నేను వెయ్యని సోడా

రెండు మాటల అబద్ధాన్ని ముప్పై ఏళ్ళకు పైగా మోశాను. నా మొగుడికి చెప్పలేదు. కన్న కూతురికి చెప్పలేదు. ప్రతి ఆదివారం గుడిలో మోకాళ్ళ మీద కూర్చుని దేవునికి చాలా సంగతులు చెప్పుకున్నాను గానీ, ఇది మాత్రం ఆయనకు తెలిసిందేలే అని దాటవేశాను. ఆయనకు తెలియడం వేరు, నేను చెప్పడం వేరు. ఆ తేడా నాకు తెలియక కాదు.

మీరెవరో నేనెరగను. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. నా పేరు రాయను. ఇందులో వచ్చే మనుషుల పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

పోయిన వారం మా మనవరాలు టీ కాచే గిన్నె తెచ్చి, అడుగున కట్టిన తెల్లటి పొర చూపించి, ఇదేమిటవ్వా అని అడిగింది. గార అన్నాను. ఎట్లా పోతుందంది. పట్టాక గీకడం కంటే పట్టకుండా చూసుకోవడం తేలిక అన్నాను. ఆ మాట నాది కాదు. ఆ మాట అన్న మనిషిని నేను ఏం చేశానో ఆ పిల్లకు తెలియదు. ఎవరికీ తెలియదు. ఆ రోజే కాగితాలు తెప్పించుకున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులు. ఆదోనిలో రైలు కట్ట పక్కన ఒక వేరుశనగ నూనె మిల్లు ఉండేది. కాయలు ఏరే ఆడవాళ్ళలో నేనొకదాన్ని. మా ఆయన ఏసన్న అదే మిల్లులో ఎండాకాలం మాత్రం పని చేసేవాడు. ఆ ఎండాకాలం పని ఏమిటో చెబితేగానీ నా తప్పు మీకు అర్థం కాదు.

మిల్లును నడిపేది ఆవిరి ఇంజను. ఇంజను వాడుకుని వదిలేసిన ఆవిరి గాలిలో కలిసిపోకుండా, దాన్ని పెద్ద ఇనప పెట్టెలోకి మళ్ళించేవారు. పెట్టె నిండా బొటనవేలు దూరేంత గొట్టాలు. గొట్టాల లోపల బావి నీళ్ళు, వెలుపల ఆవిరి. అట్లా బాయిలరుకు పోయే నీళ్ళు దారిలోనే కాగేవి. కాగిన నీళ్ళయితే పొయ్యికి వేరుశనగ పొట్టు తక్కువ పడుతుంది. మిల్లులో రెండు బాయిలర్లు, ఒక్కోదానికి ఒక్కో గొట్టాల పెట్టె, ఒక్కో నీళ్ళ తొట్టి.

ఇక ఆదోని బావినీళ్ళ సంగతి అక్కడ కాపురం చేసిన ఆడదాన్ని అడగండి. పప్పు ఉడకదు. సబ్బు నురగ రాదు. నీళ్ళు కాచే కుండకు నాలుగు నెలల్లో లోపల ఇంకో కుండ తయారవుతుంది. గొట్టాలకూ అంతే. పని మొదలైన నెలకు పలచగా, మూడు నెలలకు రాయిలాగా, ఉగాదికి సగం గొట్టం మూసుకుపోయేది. నీళ్ళు కాగేవి కావు. పొయ్యిలో పొట్టు వేసేవాళ్ళు వేస్తూనే ఉండేవాళ్ళు.

ఉగాది దాటాక మిల్లు ఆపి పెట్టెలు విప్పేవారు. మా పేటలో ఎనిమిది మంది మగవాళ్ళు చువ్వలు, సుత్తులు పట్టుకుని ఆ గార కొట్టేవాళ్ళు. పెట్టెలు, బాయిలర్లు అన్నీ అయ్యేసరికి రెండు నెలలు. ఆ రెండు నెలలు మా ఎనిమిది ఇళ్ళు ఊళ్ళో ఉండేవి. లేకపోతే సుగ్గికి పోవాలి. సుగ్గి అంటే మా వైపు వాళ్ళకు చెప్పనక్కరలేదు. పొలాల్లో పని అయిపోయాక ఇంటికి తాళం వేసుకుని, పిల్లా జెల్లాతో కూలి దొరికే చోటికి పోవడం. చేను గట్ల మీదే వండుకోవడం, అక్కడే పడుకోవడం.

నా మొదటి బిడ్డ సుగ్గిలో పోయాడు. ఎనిమిది నెలలవాడు. తూర్పున మిరప చేలలో. పొద్దున జ్వరం వచ్చింది, మధ్యాహ్నానికి పోయాడు. వాణ్ణి అక్కడే పూడ్చి మర్నాడు కాయలు కోశాను. దీన్ని సాకుగా రాయడం లేదు. కానీ రాయకుండా ఉంటే అది ఇంకో అబద్ధమవుతుంది.

మరుసటి ఏడే ఏసన్నకు గార కొట్టే పని దొరికింది. ఆ తర్వాత కూతురు పుట్టింది.

ఖాజా సాబు ఆ మిల్లులో ఫిట్టరు. గుంతకల్లు రైలు షెడ్డులో పని నేర్చుకుని వచ్చాడు. సన్నటి మనిషి, గడ్డం అప్పుడప్పుడే నెరుస్తోంది. ఎవరి మీదా గొంతు లేపడం నేను చూడలేదు. రైలింజన్ల నీళ్ళలో చాకలి సోడా కలిపితే గార పట్టడం తగ్గుతుందని ఆయన అక్కడ చూశాడట. తొట్టిలోనే సోడా కలిపి తేరనిస్తే, గొట్టాలకు పట్టాల్సిన తెలుపు తొట్టి అడుగున బురదలా దిగిపోతుందని, పైన తేట నీళ్ళు పంపుకోవచ్చని మిల్లు యజమాని సావుకారికి రెండేళ్ళుగా చెబుతున్నాడు. సావుకారికి ఆ మాట రుచించలేదు. పొట్టు మన మిల్లులోదే, సోడా కొనాల్సింది కదా అన్నాడట. ఆ పొట్టునూ ఇటుక బట్టీల వాళ్ళు బండ్లు తెచ్చి కొనుక్కుపోతారు, మన పొయ్యిలో దండగగా కాలేది అమ్ముడుపోయే సరుకే అని సాబు జవాబు. సోడా, మనిషి కూలి ఒక పక్కన పెట్టండి. రోజూ అదనంగా కాలే పొట్టు, మిల్లు ఆగిపోయే రోజులు, పాడయ్యే గొట్టాలు ఇంకో పక్కన పెట్టండి. ఏది బరువో మీరే చూడండి అన్నాడట.

చివరికి ఒక ఒప్పందానికి వచ్చారు. ఒక్క ఏడాది చూద్దాం. ఒక తొట్టిలో సోడా కలపాలి, ఇంకోదాంట్లో కలపకూడదు. ఉగాదికి రెండు పెట్టెలూ పక్కపక్కన విప్పాలి. తేడా కనిపిస్తే మరుసటి ఏడు నుంచి రెండింటికీ సోడా. కనిపించకపోతే సాబు ఇక ఆ మాట ఎత్తకూడదు.

సోడా కలిపే పని నాకిచ్చాడు. మిషనరీల బడిలో అయిదో తరగతి దాకా చదివాను కాబట్టి కొలత తప్పననుకున్నాడు. రోజూ పొద్దు గూకే ముందు, మిల్లు ఆగాక, తొట్టి నింపి, రెండు డబ్బాల సోడా వేసి, కట్టెతో కలియబెట్టి పోవాలి. తెల్లారేసరికి తేరుకుంటుంది. కాయలు ఏరే దుమ్ములోంచి నన్ను బయటికి లాగిన మనిషి ఆయన. చంకలో బిడ్డ ఉన్నదాన్ని, తొట్టి దగ్గర నీడ ఉంటుందని నన్ను ఎంచుకున్నాడని తర్వాత తెలిసింది.

పన్నెండు రోజులు నిజాయితీగా వేశాను. పొద్దున చూస్తే తొట్టి అడుగున తెల్లటి బురద. నాకూ ముచ్చటేసింది. పదమూడో రోజు ఏసన్న ఇంటికి వచ్చి, నవ్వుతూనే, గార కొట్టే గుంపు పెద్ద అన్న మాట చెప్పాడు. గొట్టాలకు గార పట్టకపోతే మనకు మిల్లులో పనేముంది, ఈసారి మళ్ళీ సుగ్గికే అని. చెప్పి బిడ్డను ఎగరేసి ఆడిస్తున్నాడు. అతనికి నన్ను అడగాలని గానీ, ఏదో చేయించాలని గానీ లేదు. ఊరికే చెప్పాడు. నేను మాత్రం బిడ్డనే చూస్తున్నాను. దానికప్పుడు ఏడు నెలలు. సుగ్గి నాటికి ఏడాది దాటుతుంది.

మర్నాడు ఒక డబ్బానే వేశాను. ఆ పై రోజు అదీ మానేశాను.

సోడాను కొంగులో పోసుకుని మిల్లు వెనక బూడిద కుప్పలో పారబోసేదాన్ని. ఒక్క పిడికెడు కూడా ఇంటికి తీసుకుపోలేదు. బట్టలకు ఎంత పనికొచ్చేది. ఎందుకు తీసుకుపోలేదు? దొంగను కానని నాకు నేను చెప్పుకోవడానికి. మనిషి ఎంత పెద్ద తప్పు చేస్తున్నా పక్కన ఒక చిన్న మంచిని నిలబెట్టుకుంటాడు కాబోలు.

కానీ తొట్టి అడుగున తెల్లటి బురద కనిపించాలి కదా. సాబు రెండు మూడు రోజులకొకసారి వంగి చూసేవాడు. దానికి ముగ్గుపిండి తెచ్చాను. మేం కిరస్తానం వాళ్ళం, వాకిట్లో ముగ్గు వేసే అలవాటు లేదు. అమ్మే ఆమె నీకెందుకని అడిగితే, క్రిస్మసుకు గుడి ముందర వెయ్యడానికి అన్నాను. రోజూ రెండు పిడికెళ్ళు వేసేదాన్ని. అచ్చం సోడా చేసిన పనిలాగే అడుగున దిగేది. అది చూసి సాబు ఎంత సంతోషపడ్డాడో. వచ్చే పోయేవాళ్ళను పిలిచి చూపించేవాడు. గొట్టంలో పట్టాల్సింది ఇదిగో ఇక్కడ పట్టింది, పట్టాక గీకడం కంటే పట్టకుండా చూసుకోవడం తేలిక అనేవాడు. నేను కట్టె పట్టుకుని పక్కనే నిలబడి ఉండేదాన్ని.

నడిమధ్యలో ఆయనకు అనుమానం తగిలింది. పెట్టెలోంచి బయటికి వచ్చే గొట్టం మీద అరచెయ్యి పెట్టి చూసేవాడు. ఎంత వేడిగా ఉండాలో అంత లేదు. ఆయన అనుమానం నా మీద కాదు, సోడా మీద. మూడు డబ్బాలు వెయ్యమన్నాడు. ఆ మూడో డబ్బానూ బూడిదలోనే పోశాను. అప్పుడైనా ఆగి ఉండొచ్చు. ఆ రోజు నుంచి వేసినా కొంత తేడా కనిపించేది. ఎందుకు ఆగలేదని ఇన్నేళ్ళలో ఎన్నిసార్లు నన్ను నేను అడిగానో లెక్కలేదు. భయమే అందామంటే అంతా భయం కాదు. అప్పటికి అది అలవాటైపోయింది. తప్పు అలవాటయ్యాక అది కూడా ఒక పని లాగే ఉంటుంది, వేళకు చేసి ఇంటికి పోతాం.

ఉగాది అయిన నాలుగో రోజు పెట్టెలు విప్పారు. సావుకారి వచ్చాడు, గుమాస్తా వచ్చాడు, మా ఎనిమిది మంది వచ్చారు. రెండు పెట్టెల మూతలూ తీసి పక్కన పెట్టారు. రెండూ ఒకటే. ఏది సోడాదో ఏది కాదో చెప్పలేనట్టు, గొట్టం గొట్టానికీ అదే రాయి. ఎవరో నవ్వారు. సాబు సోడా నీళ్ళ పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని చువ్వతో గార మీద తట్టాడు. కొంచెం ఊడదీసి గోటితో గీరి చూశాడు. తర్వాత లేచి తొట్టి దగ్గరికి నడిచాడు. నీళ్ళు తీసేసిన తొట్టి అడుగున ఎండిన తెలుపు ఉంది. వంగి, చిటికెడు తీసి, రెండు వేళ్ళ మధ్య నలిపాడు. సోడాతో దిగిన బురద వెన్నలాగా ఉంటుంది. ముగ్గుపిండి గరగరలాడుతుంది. నాకది అప్పుడు తెలియదు. ఆయనకు తెలుసు.

నేను అక్కడే ఉన్నాను. బిడ్డ చంకలో ఉంది. ఆయన వేళ్ళు లుంగీకి తుడుచుకుని, నెమ్మదిగా, నాకు మాత్రమే వినబడేట్టు అడిగాడు.

"అమ్మీ, దినామూ సోడా ఏసినావా?"

"ఏసినా సాబు."

"మర్సిపోయిన దినాలు ఏమన్నా ఉంటే సెప్పు. నేనేమీ అనను. సావుకారికాడ నేను మాట్లాడుకుంటా."

"ల్యావు సాబు."

ఆయన నా మొహం చూడలేదు. బిడ్డను చూశాడు. అది ఆయన గడ్డం అందుకోబోయింది.

"బిడ్డ బాగుండాదా?"

"బాగుండాది."

"సరే అయితే" అని వెనక్కి తిరిగాడు.

సావుకారితో ఆయన అన్న మాట అందరం విన్నాం. ఈ నీళ్ళ గుణం నాకు అందలేదు, నాదే తప్పు అన్నాడు. అంతే. ఆయనకు తెలుసా? తెలిసే అన్నాడా? వేళ్ళ మధ్య నలిపిన మనిషికి తెలియకుండా ఉండదని ఒక రోజు అనుకుంటాను. తెలిస్తే ఎవరైనా ఊరుకుంటారా అని ఇంకో రోజు అనుకుంటాను. ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆ ఒక్క సంగతి నాకు తెలియకుండానే పోతుంది.

ఆ రోజు నుంచి మిల్లులో ఆయన పేరు సోడా సాబు. గుమాస్తా అన్నాడు, పొట్టు మోసేవాళ్ళు అన్నారు, చివరికి మా పేట పిల్లలు కూడా. ఆయన ఏ మాట చెప్పినా, ఇదీ సోడా లాంటిదేనా అని సావుకారి అడిగేవాడట. ఇంకొక ఏడాది ఓర్చుకుని మిల్లు వదిలేశాడు. ఎమ్మిగనూరు పోయి బజారులో కిరసనాయిలు పొయ్యిలు బాగుచేసే పని పెట్టుకున్నాడు. అంత పెద్ద ఇంజన్లు విప్పి బిగించిన మనిషి.

మేం సుగ్గికి పోలేదు. ఆ ఎండాకాలం పోలేదు, తర్వాతి రెండు ఎండాకాలాలూ పోలేదు. నా కూతురు మా ఇంటి చల్లటి గచ్చు మీద నడక నేర్చుకుంది. నేను కోరుకున్నది అదే, అదే దొరికింది. కాదని అనను.

మూడో ఎండాకాలం గార కొడుతుండగా పెచ్చు ఒకటి ఎగిరి ఏసన్న ఎడమ కంట్లో పడింది. బళ్ళారి ఆసుపత్రికి తీసుకుపోయాం. కన్ను పోయింది. రాయి కంటే గట్టిగా ఉంది ఆ పెచ్చు అని అతనే అందరికీ చెప్పేవాడు. నేను వింటూ రొట్టె కాల్చేదాన్ని. ఆ గట్టితనానికి ఎవరు కారణమో నాకు తెలుసు. అందరి గొట్టాలకూ పట్టేదే పట్టిందిలే, సోడా వేసినా ఎక్కడో ఒకచోట కొట్టాల్సిందేలే అని సర్దిచెప్పుకున్నాను. సర్దుకోలేదు.

ఆ మరుసటి ఏడే సావుకారి కొడుకు మద్రాసులో చదువు ముగించుకుని వచ్చి, వచ్చీ రాగానే తొట్లలో సోడా కలిపించాడు. ఈసారి వేసింది నేను కాదు. ఉగాదికి పెట్టె విప్పితే గొట్టాలు లోపల నల్లగా, ఇనుము రంగులోనే ఉన్నాయి. మా వాళ్ళకు రెండు రోజుల పని కూడా లేదు. ఖాజా సాబు చెప్పింది నిజమే కదా అని అక్కడ ఒక్కరూ అనలేదు. చదువుకున్న కొడుకు తెలివి అన్నారు. నేనైనా అని ఉండొచ్చు. అనలేదు. అది రెండో తప్పు.

మేం సుగ్గికి పోయాం. పిల్ల అప్పటికి తన కాళ్ళతో నడిచే వయసుది. బతికింది, చదివింది, ఎమ్మిగనూరులో పంతులమ్మ అయింది.

మూడో తప్పు ఎమ్మిగనూరులోనే చేశాను. మేం ఆ ఊరికి మారి, పిల్లను అక్కడి బడిలో చేర్చిన కొత్తలో ఒకనాడు సంతలో సాబు కనిపించాడు. ముందర ఒక పొయ్యి విప్పి పెట్టుకుని, సన్నటి తీగతో దాని కన్నం శుభ్రం చేస్తున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. నాలుగు అడుగులు వేస్తే చాలు. నేను కూరగాయల బండి చాటుకు పోయి, ఇంకో దారిన ఇంటికి వచ్చాను. మళ్ళీ వారం చెబుదామనుకున్నాను. మళ్ళీ వారం, మళ్ళీ వారం అనుకుంటూ ఉండగానే ఆయన పోయాడు.

చాలా ఏళ్ళకు బొంత కుట్టించుకోవడానికి ఒక ముసలామె దగ్గరికి పోయాను. మాటల్లో తెలిసింది, సాబు భార్య. ఆదోని మిల్లు పేరెత్తితే ఆమె ఏమీ కోపంగా మాట్లాడలేదు. ఆ సోడా పని నెగ్గితే గార కొట్టే ఎనిమిది మందికి ఎండాకాలం కూలి పోతుందని ఆయన ముందే ఆలోచించాడట. వాళ్ళకు గోదాములో గోనెలు కుట్టే పని ఇప్పించాలని సావుకారిని అడిగి పెట్టాడట. సావుకారి ఊఁ అన్నాడో ఊహూఁ అన్నాడో ఆమెకు తెలియదు. ఆమె సూదిలో దారం ఎక్కించుకుంటూ చెబుతోంది. నేను తల ఊపుతూ విన్నాను. బొంత తీసుకుని వచ్చేశాను. ఆమె కూడా ఇప్పుడు లేదు.

ఒక పక్కన నా బిడ్డ మూడు ఎండాకాలాలు. ఇంకో పక్కన ఒక మనిషి పేరు, నా మొగుడి కన్ను. సాబు అయితే రెండు పక్కలా పెట్టి ఏది బరువో చూడమనేవాడు. నేను చూడలేను. సుగ్గికి పోయి ఉంటే పిల్ల పోయేదని ఎవరు చెప్పగలరు? ఎందరో పిల్లలు పోయి వచ్చారు, బతికారు. సాబు అడిగిన గోనెల పని దొరికి ఉంటే అసలు ఏ బాధా లేకపోయేది. ఆయనను ఒక్క మాట అడిగి ఉంటే చాలు. సాబు, మా వాళ్ళ సంగతేమిటని. అడగడానికి నాకు నోరుంది. అబద్ధం చెప్పడానికి పనికొచ్చిన నోరు దానికి పనికిరాలేదు.

ఈ కాగితాలు నా కూతురికి ఇవ్వాలా అని నిన్నంతా ఆలోచించాను. ఇస్తే, నీ కోసమే చేశానని చెప్పినట్టవుతుంది. అది దాని నెత్తిన పెట్టడమే. అది అడగలేదు నన్ను. ఇవ్వను. ఏసన్న పోయి నాలుగేళ్ళయింది. అతనికి చెప్పి ఉంటే ఒక పూట అన్నం మానేసి, మర్నాడు మామూలుగా పలకరించి ఉండేవాడు. ఆ మాత్రం నమ్మకం అతని మీద పెట్టలేదు నేను.

క్షమించమని మిమ్మల్ని అడగడం లేదు. అది మీ చేతిలోది కాదు. క్షమించగలిగిన మనిషి పోయాడు. ఆయన నాకు ఒక అవకాశం ఇచ్చాడు, నేనేమీ అనను అని మరీ ఇచ్చాడు, నేను తీసుకోలేదు. ఇక అది రాదు.

అయినా మీకొక నిజం చెప్పాలి. ఇది రాయడం మొదలుపెట్టినప్పుడు, పూర్తయ్యేసరికి ఏడుస్తానేమో అనుకున్నాను. ఏడుపు రాలేదు. ఖాజా సాబు చెప్పింది నిజం, ఆ సోడా వెయ్యనిది నేను అని నా చేత్తో నేను రాసి, పైకి చదువుకున్నాను. గొంతు మామూలుగానే పలికింది. ఇల్లు ఇల్లులాగే ఉంది. వీధిలో మగ్గం చప్పుడు వినబడుతోంది. పొద్దున్నుంచి ఏమీ తినలేదన్న సంగతి ఇప్పుడు గుర్తొచ్చింది. ఆకలేస్తోంది. చాలా రోజుల తర్వాత నిజంగా ఆకలేస్తోంది. లేచి రొట్టె పెట్టుకుంటాను.